ఆకాశసౌధమూ కొండకుటీరమూ

దుబాయిలో కొలువు, షార్జాలో కాపురము. ఎమిరేట్సులోని మధ్యతరగతి తెలుగు కుటుంబములలో అనేకముల జీవనక్రమము ఇదియే. అద్దెలలోని వ్యత్యాసమే ఇందులకు కారణమని వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి ఇంట నేను అతిథిగ నున్నప్పుడు, డిసెంబరు 2, 3 తేదీల జాతీయదినోత్సవపు సెలవులకు ముందు, ఇరువురు తోడల్లుళ్ల నడుమ జరిగిన వాదము ఇది. పెద్దల్లుడు ధవళేశ్వరమునకు కూతవేటు దూరమున పుట్టి పెరిగిన ఇంజనీరు. అంతస్తుపై అంతస్తుగ లేచుచున్న ఒక ఆకాశసౌధమునకు లిఫ్టుల చుట్టునుండు నడిమి గోడల (కోర్ గోడల) కాంక్రీటు పని ఆయన చేతిమీదుగ సాగుచున్నది. చిన్నల్లుడు వేరొక కంపెనీలో కార్మికుల భద్రత చూచు ఉద్యోగి, కాకినాడవాడు. అక్కచెల్లెండ్రు ఇరువురును కూడబలుకుకొని, సందర్శక వీసాపై వచ్చియున్న తల్లిని వెంటబెట్టుకొని పోవుటకై, హత్తా కొండలలో రెండు రాత్రులకు రెండు కుటీరములు మాటాడియుంచిరి. తీరా దినము సమీపించుసరికి, తాను రాజాలనని పెద్దల్లుడు చెప్పెను. పిదప నడచిన సంభాషణమును, దానిలోని ఉద్రేకమును కొంత తగ్గించి, వాదపు పదును చెడనీయక ఇచట వ్రాయుచున్నాను.

చిన్నల్లుడు: అన్నయ్యగారూ, హత్తా ఎంత దూరము? గంటన్నర ప్రయాణము. పోయి రెండు రాత్రులుండి వచ్చుట ఒక తీర్థయాత్ర కాదు, ఒక వలస కాదు. దీనికి కూడ వీలు లేకపోయినచో ఆ ఉద్యోగమును ఏమనవలెను?

పెద్దల్లుడు: తమ్ముడూ, సెలవు ఏనాడన్నది కాలెండరు చెప్పును, కాంక్రీటు ఏనాడు పోయవలెనన్నది కాలెండరు చెప్పదు. కమ్మీ కట్టుట ముగియవలెను. గోడకు అచ్చుగా నిలుచు ఫారమ్ పై అంతస్తునకు ఎక్కవలెను. కన్సల్టెంటు వచ్చి, ఇంచీ ఇంచీ చూచి, సంతకము పెట్టవలెను. కాంక్రీటు ప్లాంటులో మన వంతు రావలెను. గాలి నెమ్మదిగ నుండవలెను. ఈ అయిదును కలిసివచ్చు రాత్రి 2వ తేదీ రాత్రియే. మొదలిడిన పోతను నడుమ విడిచినచో, ముందు పోసినది బిగిసిపోయి, వెనుక పోసినది దానిని అంటుకొనక, గోడలో ఒక విభజన నిలిచిపోవును. దానిని కోల్డ్ జాయింటందుము. పైపూత పూసిన తరువాత అది ఎవరికిని కనబడదు. కనబడకపోవుటయే దానిలోని ప్రమాదము.

చిన్నల్లుడు: ఆ సంగతి నాకు తెలియనిది కాదు. మీరే అచట నిలువవలెనా అన్నది నా ప్రశ్న.

పెద్దల్లుడు: నిలిచి ఏమి చేయుదునో చెప్పెదను, వినుము. రాత్రి పదకొండు గంటలకు మొదటి మిక్సరు లారీ వచ్చును. దాని నుండి ఒక బాల్చీ కాంక్రీటు పట్టి, తడిపి తుడిచిన ఇనుప పలకపై నిలిపిన శంకువులో నింపి, ఆ శంకువును మెల్లగ, కుదుపు లేకుండ పైకి లాగుదురు. పెనము మీద వేసిన అట్టుపిండివలె అది గుండ్రముగ పరచుకొనును. ఆ వలయమును టేపుతో రెండు దిక్కుల కొలుతుము. అంతటితో అయిపోదు. నేను గొంతుకూర్చుండి, టార్చిలైటు వేసి, అంచున నీరు విడివడి మెరయుచున్నదా, నడుమ కంకర కుప్పపడి నిలిచినదా అని చూతును. థర్మామీటరు గ్రుచ్చి వేడిమి చూతును. కొలత సరిపోయినను అంచు బాగుండక లారీలను త్రిప్పిపంపిన రాత్రులు కలవు. డ్రైవరు విసుగుకొనును, ప్లాంటువాడు ఫోనులో కేకలు వేయును, పంపు వద్ద నున్నవాడు గొట్టములో సరకు గట్టిపడునని తొందరపెట్టును. అంత ఒత్తిడిలోను కాదనగల గొంతు ఒకటి ఉండవలెను. అందులకే నాకు జీతమిచ్చుచున్నారు.

(పెద్దల్లుని పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. ఈ వర్ణన చేయునప్పుడు ఆయన ముఖమున అలసట లేదు; విద్వాంసుడు తన రాగమును గూర్చి చెప్పునప్పటి వెలుగు కలదు. పని భారమనుచు దానిని విడువలేకున్నవాడు సాధారణముగ అబద్ధమాడుచున్నాడని మన ఇండ్లలో స్త్రీలు ఎరుగుదురు. కాని ఆ అబద్ధము క్రింద ఒక ప్రేమ యుండునని కూడ వారే ఎరుగుదురు.)

చిన్నల్లుడు: బుర్జ్ ఖలీఫాను 2004 జనవరిలో మొదలిడి, 2010 జనవరి 4వ తేదీన ప్రారంభించిరి. 828 మీటర్ల ఎత్తు. పని ముమ్మరముగ నున్న దినములలో ఒక్కనాడు పన్నెండువేలమంది దానిపై పనిచేసిరి. ఆ పన్నెండువేలలో ఎవడు తాను లేనిచో ఆ కట్టడము ఆగియుండునని చెప్పగలడు?

పెద్దల్లుడు: ఎవడును చెప్పలేడు. కాని ప్రతివాడును అట్లనుకొని పనిచేయుటచేతనే అది నిలిచినది. అచట కాంక్రీటును 606 మీటర్ల ఎత్తునకు గొట్టములగుండ ఎక్కించిరి. వేసవి రాత్రులలో, నీటిలో కొంత భాగమునకు మారుగ మంచుగడ్డ కలిపి పోసిరి. మూడు దినములకొక అంతస్తు లేచిన కాలము గలదు. మూడు దినములకొక అంతస్తు లేచుచోట, రెండు దినములు లేనివాడు తిరిగివచ్చునప్పటికి తాను విడిచిన గోడను తానే ఆనవాలు పట్టజాలడు. ఇంతయేల, ఈ దేశపు చట్టమునే చూడుము. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడు గంటల వరకు ఎండలో ఎవరిచేతను పని చేయింపరాదు. అట్లు చేయించినచో మనిషికి అయిదువేల దిర్హముల జరిమానా. అంతటి కఠినమైన నియమము కూడ, ఆపుటకు వీలులేని పనులకు మినహాయింపు ఇచ్చినది. ఆ మినహాయింపులో కాంక్రీటు పోత ఒకటి. చట్టమే దానికి తలయొగ్గినప్పుడు, తోడల్లుడు యొగ్గరాదా?

చిన్నల్లుడు: ఆ మినహాయింపును అర్ధము వరకే చదివితిరి, నా ఉద్యోగము మిగిలిన అర్ధమును చదువుట. పోత ఆపకపోవచ్చును, కాని పోయువానికి నీడ కల్పింపవలెను, చల్లని నీరీయవలెను, ఒంటిలో పోయిన ఉప్పును తిరిగి చేర్చు లవణములీయవలెను, ప్రథమచికిత్స సిద్ధముగ నుండవలెను. అనగా కాంక్రీటునకు ఆగకుండు హక్కునిచ్చిన చట్టము, మనిషికి వాడిపోకుండు హక్కును దాని ప్రక్కనే వ్రాసినది. మా వదినగారు మిమ్ములను అడుగుచున్నది ఆ రెండవ వాక్యము మాత్రమే.

పెద్దల్లుడు: మాటకారివి.

చిన్నల్లుడు: ఇంకొకటి వినుడు. ఆపరానిది మా పని అని మీరనుచున్నారు. 2009లో అప్పులు ముంచుకొని వచ్చినప్పుడు ఈ దుబాయిలో ఆగని పని ఏది? బుర్జ్ ఖలీఫానే మించిపోవలెనని నఖీల్ సంస్థ తలపెట్టిన సౌధము ఆ జనవరిలోనే ఆగి, తుదకు పునాదివద్దనే రద్దయిపోలేదా? 2024 ఏప్రిల్ 16న వాన కురిసెను. 1949లో లెక్కలు వ్రాయుట మొదలిడిన తరువాత అంతటి వాన ఈ గడ్డపై పడలేదనిరి. అల్ ఐన్ ప్రాంతమున ఒకచోట ఇరువదినాలుగు గంటలలోపుననే 254 మిల్లీమీటర్లు. ఆనాడు మీ క్రేను ఆగలేదా? గాలి హెచ్చినప్పుడెల్ల ఆగుటలేదా? అప్పులవాడు ఆపమన్న ఆగును, గాలి ఆపమన్న ఆగును, వాన ఆపమన్న ఆగును. కూతురు ఆపమన్న మాత్రము ఆగదు. ఇదేమి శాస్త్రము, అన్నయ్యగారూ?

పెద్దల్లుడు: శాస్త్రము కాదు, ఆచారము. మన పెద్దలు ఏనాడైన ఊరకే కొండకు పోయి కూర్చుండిరా? పెండ్లికి పోయిరి, పురుటికి పోయిరి, పుష్కరములకు పోయిరి. పనిలేక ప్రయాణము చేయుట వారెరుగరు. ఇప్పుడు కొండవాలున చక్రాలబండి వంటి గది, దానిముందు రెండు కుర్చీలు, మాంసము కాల్చుకొనుటకొక పొయ్యి. దానికి ప్రకృతి యని పేరు పెట్టి అద్దె కట్టుదురు. పిల్లలు అచటను ఫోనులే చూతురు.

చిన్నల్లుడు: కార్తికమున వనభోజనములకు పోలేదా? ఉసిరిచెట్టు క్రింద ఆకు పరచుకొని తినుట ఏ పని? శాస్త్రమున పుణ్యమని వ్రాసినది గనుక మన పెద్దలు పోయిరి. పుణ్యమని వ్రాయకున్నచో మీవంటివారు నాడును పోయియుండరని ఎరిగియే అట్లు వ్రాసియుందురు. ఇక ఈ దేశపు ఆచారమనినచో, వేసవి వచ్చినచో తీరమున నున్న కుటుంబములు ఒంటెలపై సామానెక్కించుకొని, ఖర్జూరపు తోటలున్న అల్ ఐన్ వంటి చోట్లకు తరలిపోయెడివి. ఖర్జూరపు మట్టలతో అల్లిన గుడిసెలలో కాయ పండి ముగియువరకు కాపురముండెడివి. మనము నేడు అద్దె కట్టి పోవు కుటీరము వారికి ఏటేటి సంసారధర్మము.

పెద్దల్లుడు: బాగుగ చెప్పితివి, కాని ఆ గుడిసెలలో మగవారెందరుండిరి? చెప్పవేమి? ఆడువారు, పిల్లలు, ముసలివారు తోటలలో నుండగా, పనిచేయగల మగవారందరు నాలుగు నెలలకు దగ్గరగ నడిసంద్రమున ముత్యముల కొరకు మునుగుచుండిరి. ముక్కునకు క్లిప్పు, కాలికి రాయి, మెడకు బుట్ట. దినమునకు ఎన్ని మునుగులో. సంసారము తోటలోను, యజమాని సముద్రములోను. వారిని ఎవరును నిర్దయులనలేదు. నేను చేయుచున్నదియు అదియే. సముద్రము క్రింద నున్నది, నా పని పైన నున్నది.

ఈ దృష్టాంతముతో చిన్నల్లుడు కొంచెము తడబడెను. తాను తెచ్చిన ఉదాహరణమును ఎదుటివాడు లాగికొని తననే కొట్టినప్పుడు ఎంతటి వాదికైనను ఊపిరి తిప్పుకొనుటకు కొంత వ్యవధి కావలెను. అత్తగారు మజ్జిగ తెచ్చి ఇరువురి ముందు నుంచి, ఏమియు అనక లోనికి పోయిరి.

చిన్నల్లుడు: ఒప్పుకొనుచున్నాను. అయినను భేదమొకటి కలదు. వారు తిరిగివచ్చు దినము నిశ్చితము. ఋతువు చివర ఓడలన్నిటికి పెద్దయైనవాడు తిరుగుదినము ప్రకటించెడివాడు. దానిని గుఫ్ఫాల్ అందురు. ఆనాటికి ఇంటివారందరు తీరమునకు వచ్చి నిలిచెడివారు. ఆ తిరుగుప్రయాణపు స్మృతిగనే 1991 నుండి ఏటేట సర్ బు నయీర్ దీవి మొదలు దుబాయి వరకు తెరచాప పడవల పందెము నడపుచున్నారు. ముత్యము దొరకినను దొరకకున్నను ఆ దినము మారదు. మీ గుఫ్ఫాల్ ఏ తేదీ? కోర్ గోడలు ముగిసినంతనే యని పోయిన యేడు చెప్పితిరి. ఆ సౌధము ముగిసినది, వేరొకటి మొదలైనది.

పెద్దల్లుడు: నీవు వాక్యములతో కట్టుచున్నావు, నేను కాంక్రీటుతో కట్టుచున్నాను. భేదము అంతియే.

చిన్నల్లుడు: కట్టుటను గూర్చియే మాటాడుదము. మీ ఊరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తియైనది. కాటన్ దొర పటమునకు నేటికిని గోదావరి రైతులు దండ వేయుచున్నారు. ఆయన ఆ పని నడుచుచుండగనే, 1848లో, ఆరోగ్యము చెడి సెలవుపై ఆస్ట్రేలియాకు పోయెను, 1850లో తిరిగివచ్చెను. నడుమ పని నడిపినవాడు కెప్టెన్ ఆర్. నాడు ఫోను లేదు. మన సీమకు టెలిగ్రాఫు తీగయైన రాలేదు. ఏడాదికి ఒకసారి పొంగి సమస్తమును ఊడ్చుకొనిపోగల నదిని ఇంకొకరి చేతిలో పెట్టి ఆయన సముద్రము దాటెను. ఆనకట్ట నిలిచినదా, లేదా?

పెద్దల్లుడు: రోగము వచ్చి పోయెను. విహారమునకు పోలేదు.

చిన్నల్లుడు: రోగము వచ్చిన పిదప పోవుట వివేకమా, రాకమునుపు పోవుటయా?

పెద్దల్లుడు: (కొంతసేపటికి) దొరకు కెప్టెన్ ఆర్ ఉండెను. కూలివారిని కూర్చి నడపుటకు వీణం వీరన్న ఉండెను. నాకు ఎవరున్నారు?

చిన్నల్లుడు: మీ క్రింద నున్న కుర్ర ఇంజనీరు?

పెద్దల్లుడు: మంచివాడు. కాదనలేడు. లారీ డ్రైవరు గద్దించినచో సరే పోనిమ్మనును.

చిన్నల్లుడు: అతడు ఒంటరిగ కాదనవలసిన రాత్రి ఒక్కటియైన అతనికి ఇచ్చితిరా?

పెద్దల్లుడు: ఆ రాత్రి తప్పిపోయినచో గోడ ఎవరిది? తమ్ముడూ, నేను చెప్పక దాచినది ఒకటి కలదు, చెప్పెదను. మా సైటులో ఫారమ్ ఎక్కించు మేస్త్రీ జగిత్యాలవాడు. భార్యాబిడ్డలను ఈ దేశమునకు తెచ్చుకొనవలెనన్న నాలుగువేల దిర్హముల జీతమైన నుండవలెను, లేదా కంపెనీ వసతితో కూడ మూడువేలైన నుండవలెను. ఆతనికి అందులో సగమును రాదు. సోనాపూరు క్యాంపులో, ఒకరిపై ఒకరుగ పేర్చిన మంచములున్న గదిలో ఆతని నివాసము. వీడియోలో కూతురిని చూచుకొనుట ఆతని సంసారము. సెలవు దినమున ఆతనిని రాత్రిపోతకు నిలిపి, నేను భార్యాబిడ్డలతోను అత్తగారితోను కొండపైకి పోయి చలిమంట కాచుకొందునా? ఆ కుటీరములో నాకు నిద్ర పట్టునా? నాకు సిగ్గు.

ఇంతవరకు పెద్దల్లుడు చెప్పిన కారణములన్నియు ఇంజనీరు కారణములు; ఇది మనిషి కారణము. దీనితో వాదము ముగియునని నేను తలచితిని. గల్ఫులో సంసారముతో నుండు తెలుగువాడు, సంసారము విడిచి వచ్చిన తెలుగువానిని ప్రతిదినము చూచుచు అనుభవించు ఈ సంకోచము, నేనెరిగినంతవరకు, మన కథలలో సైతము అరుదుగ వచ్చినది. కాని చిన్నల్లుడు కార్మికుల కాగితములు చూచువాడు.

చిన్నల్లుడు: ఆ మేస్త్రీ చుట్టీకి, ఇంటికి పోవు సెలవునకు, ఎప్పుడు పెట్టుకొనెను?

పెద్దల్లుడు: ఆగస్టులో. కూతురి పెండ్లి మాఘమాసములో నట.

చిన్నల్లుడు: ఇంటికి పోయి ఎన్నాళ్లయినది?

పెద్దల్లుడు: రెండేండ్లు దాటినది.

చిన్నల్లుడు: మీరేమని వ్రాసితిరి?

పెద్దల్లుడు: కోర్ ముగిసిన తరువాత చూతమంటిని. ఆతనివలె ఫారమ్ ఎక్కించువాడు వేరొకడు లేడు.

చిన్నల్లుడు: అన్నయ్యగారూ, ఏడాదికి ముప్పది దినముల సెలవు ఆతని హక్కు. రెండేండ్లకు మించి కూడిన సెలవును వాడుకొననీయక ఆపుటకు యజమానికి అధికారము లేదు. 2021 నాటి కార్మికచట్టమున ఆ మాట స్పష్టముగ నున్నది. అది ఉండనిండు. మీరు హత్తాకు రాకపోవుటవలన ఆతడు జగిత్యాల చేరునా? మీరు కుటీరమున నిద్రింపకపోవుటవలన ఆతని క్యాంపు మంచము మెత్తబడునా? ఆతని కొరకు మీరు చేయుచున్న త్యాగమేదో ఆతనికి తెలియదు. ఆతనికి తెలిసినదెల్ల, ఇంజనీరుగారే సెలవు పెట్టనప్పుడు మనమెట్లు అడుగుదుమన్నది. మీరు కుర్రవానికి పలక అప్పగింపరు, కనుక మీరు కదలలేరు. మేస్త్రీ తన విద్యను వేరొకనికి నేర్పుటకు మీరు వ్యవధి ఈయరు, కనుక ఆతడు కదలలేడు. ఆ సౌధమున మీ ఇద్దరిని కట్టిపడవేసినది కాంక్రీటు కాదు. నిజము చెప్పుడు. మీరు లేని రాత్రి పోత చక్కగ జరిగిపోయినచో, మీకు సంతోషము కలుగునా, లేక వేరేదైన కలుగునా?

దీనికి పెద్దల్లుడు ప్రత్యుత్తరమీయలేదు. మజ్జిగ త్రాగెను. చాలసేపు ఫోనులో ఏదో వెదకెను. చూడగా అది హత్తాకు పోవు దారి. పాతదారి ఒమాను భూభాగము మీదుగ పోవునని, ఇప్పుడు వేరు దారి పట్టవలెనని తనలో తానే అనుకొనెను. అచటి ఊరిలో 1880 ప్రాంతమున కట్టిన రెండు గుండ్రని కావలి బురుజులున్నవని చదివి, ‘‘రాయి, మట్టి. ఏమి చేర్చిరో చూడవలెను’’ అనెను. కొండకు పోవుటకు కూడ ఆయనకు ఒక కట్టడము కావలసివచ్చినది.

తుదకు కుదిరిన ఒప్పందము ఇది. 2వ తేదీ రాత్రి పోతకు పెద్దల్లుడు సైటులోనే యుండును గాని, పలకవద్ద కుర్ర ఇంజనీరు కూర్చుండును. ఏ లారీ ఎక్కవలెను, ఏది తిరిగిపోవలెను అన్నది ఆతని మాట. మరునాటి మధ్యాహ్నమునకు పెద్దల్లుడు హత్తా చేరి, మిగిలిన ఒక్క రాత్రి అచట నుండును. చిన్నల్లునికి ఇది రుచింపలేదు. ‘‘మీరు వెనుక నిలుచున్నంతవరకు ఆ పిల్లవాడు మీ ముఖమునే చూచును గాని పలకను చూడడు’’ అని పోవుచు పోవుచు అనెను. ఆ మాట నిజమని నేనును అనుకొందును. రెండు రాత్రులు అడిగిన పిల్లలకు ఒక్క రాత్రి దక్కుట న్యాయమని నేననజాలను. అయితే ఆ రాత్రియే పెద్దల్లుడు లాప్‌టాపు తెరచి మేస్త్రీ దరఖాస్తుపై ఆమోదము వ్రాసి పంపెను. జనవరి మొదలు రెండు నెలల చుట్టీ. పోవులోపల ఫారమ్ పని ఇంకొకనికి నేర్పవలెనని షరతు. టిక్కెట్టు కంపెనీదే.

ఇది చదువువారిలో ఆ దేశపు సైటు ఇంజనీరులెవరైన నున్నచో వారికొక విన్నపము. తమ బల్లమీద నిలిచియున్న చుట్టీ దరఖాస్తులలో అన్నిటికంటె పాతదానిని తీసి, దానిపై నున్న తేదీని ఈ దినమే చూడుడు.